లెక్క తప్పిన రెండు కాళ్ళు

లాక్టిక్ యాసిడ్ వేడెక్కితే గదిలో ఒక పులుపు వాసన లేస్తుంది. మూత పెట్టడం మరిచిపోయిన మజ్జిగ గిన్నె వాసనలా ఉంటుంది, కాకపోతే కాస్త ముక్కుకు గుచ్చుకుంటుంది. తేనెటీగల ఒంటి మీద బతికే నల్లిని (మంచాల్లో నల్లి కాదు, మైట్ అంటారే, అది) సరిగా చూడాలంటే ముందు దాన్ని ఆ ద్రవంలో వేసి సన్నటి వేడి మీద ఉంచాలి. లోపలి మాంసం కరిగి ఒళ్ళు అద్దంలా తేటపడుతుంది. అప్పుడు కాళ్ళూ వెంట్రుకలూ విడివిడిగా కనిపిస్తాయి. హనుమాన్ జంక్షన్ దగ్గర నేను పనిచేసే చిన్న ల్యాబ్‌లో ఈ ఉదయం కూడా అలాగే ఒకదాన్ని వేడికి పెట్టాను. ఆ వాసన తగలగానే అరచేతులకు చెమట పట్టింది. ఇది నాకు కొత్త కాదు. ఆ పులుపు వెనకాలే, అక్కడ లేని ఇంకో వాసన వస్తుంది నాకు. కిరోసిన్‌తో తడిసిన చెక్క, మైనం కలిసి కాలిన వాసన. ఆ రెండింటి మధ్య నుంచి హైమావతి మేడమ్ గొంతు వినిపిస్తుంది.

మేడమ్‌ని చూడని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలి. జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. నూజివీడు బస్టాండు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద గుడ్డ కప్పిన మైక్రోస్కోపు, గోడ పొడవునా స్పిరిట్ సీసాలు. ఆటో ఎక్కి "పురుగుల మేడమ్ ఇల్లు" అంటే చాలు, దింపేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మన మామిడి తోటల్లో తిరిగే తేనెటీగల మీద, తుమ్మెదల మీద ఎన్ని రకాల నల్లులు బతుకుతున్నాయో చూసి రాసిపెట్టడమే రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని. అది చెయ్యమని ఎవరూ అడగలేదు. మధ్యలో తోటల వాళ్ళు ఆకులకు పట్టిన ఎర్ర నల్లిని పట్టుకొస్తే, తేనెపెట్టెల వాళ్ళు ఈగల్ని సీసాలో వేసుకొస్తే చూసి ఏంటో చెప్పి పంపేవారు. ఎవర్నీ కూర్చోబెట్టి టీ ఇవ్వకుండా పంపగా నేను చూడలేదు.

మాది నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో ఒక పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ తోటల్లో కూలికి వెళ్ళేది. కలుపు తీయడం, కాయలు ఏరడం, అట్టపెట్టెల్లో పేర్చడం. నేను డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, మా కాలేజీ ల్యాబ్ అటెండరు వచ్చి, కళ్ళు బాగా కనపడే అమ్మాయి ఒకరు కావాలట, వెళ్ళి కలవమన్నాడు. కళ్ళ గురించి ఎందుకు అడిగారో నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి రోజు ఆవిడ నా అరచేతిలో ఒక పెద్ద నల్లటి తుమ్మెదను పెట్టారు. చచ్చిందే అయినా చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. సూదితో దాని పొట్ట మొదట్లో సంచిలా ఉన్న చిన్న గుంటను విప్పి చూపించారు. లోపల లేతరంగు నల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకున్నాయి.

"దీన్ని తినేస్తున్నాయాండీ?" అన్నాను.

"తింటున్నాయని నీకెవరు చెప్పారు?"

"నల్లులు కదండీ."

"అదిగో. పేరు వినగానే కథ అల్లేశావు. ఈ తుమ్మెద వాటికోసం ఒంట్లోనే చోటు పెట్టుకుంది. ఎందుకో నాకూ పూర్తిగా తెలియదు. గూడు శుభ్రం చేసిపెడతాయని అంటారు. పేరు తర్వాత, పద్మా. ముందు చూసింది చెప్పు. ఎన్ని కాళ్ళు, ఎంత పొడుగు, వెంట్రుకలు ఎక్కడున్నాయి. పేరు చివర్లో దానంతటదే వస్తుంది."

ఆవిడంటే నాకు భయం. ఏనాడూ గట్టిగా కేకలేసిన మనిషి కాదు. కానీ నేను ఏదైనా ఊహించి చెబితే ఆవిడ ముఖం బిగుసుకుపోయేది, తర్వాత చాలాసేపు మాట్లాడేవారు కాదు. ఆ మౌనాన్ని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. తెలియదంటేనే కోపమనుకున్నాను. ఈ పని పోతే మళ్ళీ అమ్మతోపాటు తోటలోకే అనే బెదురు లోపల ఎప్పుడూ ఉండేది. అందుకని "తెలియదండీ" అనే మాట నా నోట రాకుండా జాగ్రత్తపడేదాన్ని. ఏదో ఒక జవాబు సిద్ధంగా ఉంచుకునేదాన్ని. చాలాసార్లు అది సరిపోయేది కూడా. అలా సరిపోవడమే నా కొంప ముంచింది.

రెండేళ్ళు గడిచాయి. ఆవిడలో చిన్న చిన్న మార్పులు కనిపించేవి. టీ పోస్తే కప్పు అంచు మీద పడేది. సీసాల మీద చీటీలు నన్ను చదవమనేవారు. నాతో మాట్లాడేటప్పుడు తల ఒక పక్కకు వాల్చి, నా చెవి దగ్గర ఏదో ఉన్నట్టు చూసేవారు. "నువ్వు చూస్తూ చెప్పు, నేను వింటాను" అనేవారు మైక్రోస్కోపు దగ్గర. అదంతా నాకు నేర్పడానికే అనుకుని మురిసిపోయాను.

ఆ ఏడాది మామిడి పూత మొదలయ్యే రోజుల్లో మా ఊళ్ళో జ్వరాలు వచ్చాయి. మొదట కోటమ్మకు. మా అమ్మకు పక్క సాలు ఆవిడ. ఎన్నో ఏళ్ళుగా ఇద్దరూ పక్కపక్కనే కలుపు తీసేవాళ్ళు. ఐదు రోజులు జ్వరంతో పడుకుంది. ఆరో రోజు ఊపిరి ఆడటం లేదని బెజవాడ తీసుకెళ్ళారు. మర్నాడు శవంగా తెచ్చారు. ఆ వారమే ఇంకో ఇద్దరు పడుకున్నారు. అందరి ఫోన్లలోకీ ఒకటే మెసేజి వచ్చింది. ఎర్రటి నల్లి బొమ్మ, ఆరు కాళ్ళు, అది కుడితే వచ్చే జ్వరానికి మనుషులు పోతున్నారని రాసి ఉంది. ఆడవాళ్ళు తోటనుంచి వచ్చి వాకిట్లోనే చీరలు దులుపుకునేవాళ్ళు. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. అమ్మ స్నానం చేసి వచ్చాక కూడా చేతులు చూసుకుంటూ కూర్చునేది.

సూర్యారావు గారు సీసా పట్టుకొచ్చింది అప్పుడే. యాభై దాటిన మనిషి, ఏటా పూతకాలంలో మా ఊరి తోట మూల తేనెపెట్టెలు పెట్టుకునేవాడు. అమ్మావాళ్ళు అన్నం తినేది ఆ పెట్టెలకు కాస్త ఇవతలే. సీసాలో స్పిరిట్‌లో మునిగిన ఈగలు, కొన్నిటి రెక్కలు నలిగిన కాగితాల్లా ముడుచుకుపోయి ఉన్నాయి.

"మేడమ్ గారు లేరామ్మా?" అన్నాడు.

"బెజవాడలో చుట్టాల పెళ్ళికెళ్ళారండీ. రెండ్రోజుల్లో వస్తారు."

"నా ఈగలు ఎగరలేక పెట్టె గుమ్మం ముందు పాకుతున్నాయమ్మా. పొద్దున చూస్తే కింద కుప్పగా పడుంటున్నాయి. ఎందుకు ఇట్టా అవుతున్నాయో చూసి చెప్పండి. ఇన్నేళ్ళలో నేనిది చూళ్ళేదు."

ఆయన వెళ్ళాక ఒక ఈగ మెడ దగ్గర అంటుకున్న నల్లిని సూదితో తీశాను. రోజంతా తేటపడనివ్వాల్సింది. గంటకే తీసి స్లైడు మీద పెట్టాను. పొడుగాటి ఒళ్ళు, ఎర్రమట్టి రంగు. ముందు రెండు మీసాలు పైకెత్తి ఉన్నాయి. కాళ్ళు లెక్కపెట్టాను. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. ఫోన్ తీసి ఆ బొమ్మ చూశాను. కోటమ్మ పీనుగ మీద కప్పిన దుప్పటి కళ్ళముందుకొచ్చింది. ఎంత పొడుగుందో కొలవలేదు, ఇంకో నల్లిని తీసి పోల్చలేదు, మేడమ్ వచ్చేదాకా ఆగలేదు. భయపడినప్పుడు మనం వెతికేది నిజాన్ని కాదు, ఆ భయానికి ఒక ఆకారాన్ని. నాకది దొరికింది.

ఇంటికి వెళ్ళగానే అమ్మతో అన్నాను. "రేపట్నుంచి ఆ పెట్టెల వైపు కూర్చోమాకండి. జ్వరం తెచ్చే నల్లి ఆ ఈగల మీదే ఉంది."

"మరెక్కడ కూచుంటామే? నీడా, శుభ్రమైన నేలా ఉన్నది ఆ మూలేగా."

"కాలవ గట్టు మీద కూర్చోండి. నేను కళ్ళతో చూశానమ్మా."

అమ్మ నా ముఖం చూసింది. "పొద్దున మిగతావాళ్ళకీ చెబుతాలే," అంది.

మర్నాడు మేడమ్ లేరు కాబట్టి మధ్యాహ్నానికే గది మూసి బస్సెక్కాను. ఊరి దగ్గర దిగుతుంటే తోట మీద పొగ కనిపించింది. నల్లటి, జిడ్డు పొగ. పరుగెత్తాను. పెట్టెలన్నీ ఒకచోట పోగేసి గడ్డి కప్పి కిరోసిన్ పోశారు. మైనం కరిగి మంట ఎగసిపడుతోంది. ఈగలు పొగలో ముద్దగా తిరుగుతూ, పూత కొమ్మల మీద వాలుతూ, మళ్ళీ మంటవైపే వస్తున్నాయి. ఊళ్ళో సగం మంది అక్కడున్నారు. ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు, కొట్టడం లేదు. అందరి ముఖాల్లోనూ ఒకటే బెదురు. సూర్యారావు గారు నేల మీద కూర్చుని ఉన్నాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని.

"మైక్రోస్కోపులో చూశారంట," అంటున్నారు ఎవరో నా వెనక. ఎవరు చూశారో అమ్మ చెప్పలేదని అర్థమైంది.

ఆయన నన్ను చూసి లేచాడు. "నువ్వు చూశావా అమ్మా ఆ సీసా?"

"ఇంకా లేదండీ," అన్నాను. "మేడమ్ రావాలి."

ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మేడమ్ తిరిగొచ్చారు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. పెట్టెలు కాల్చిన సంగతి విన్నారు. "ఆయన ఇచ్చిన సీసా చూశావా?" అని అడిగారు. "స్లైడు చేసి ఉంచానండీ, మీరు చూస్తారని," అన్నాను. "రేపు చూద్దాం," అన్నారు. మర్నాడు కరెంటు లేదన్నారు. ఆ తర్వాత తలనొప్పన్నారు. ఒకరోజు మబ్బు పట్టింది, వెలుతురు చాలదన్నారు. రోజూ ఆ స్లైడు బల్ల మీదే ఉండేది. ఆవిడ దాన్ని తాకేవారు కాదు, నేను దాని వైపు చూసేదాన్ని కాదు. ఆవిడ చూస్తే నా తప్పో ఒప్పో తేలిపోతుందని వణుకు. చూడలేదు కాబట్టి ఊపిరి పీల్చుకోవడం. ఒకే గదిలో ఇద్దరం అలా వారానికి పైగా గడిపాం.

ఆ తర్వాత అమ్మకు జ్వరం వచ్చింది.

మొదట్లో ఒళ్ళునొప్పులంది. డాక్టరు టైఫాయిడ్ కావచ్చని మందులు రాశాడు. తగ్గలేదు. మూడో రోజు పొద్దున నన్ను చూసి "కోటమ్మా, గోనెపట్టా తెచ్చావా?" అని అడిగింది. పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి మొదటి బస్సులో మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. గుమ్మంలోనే కూలబడి అంతా చెప్పాను. ఆరు కాళ్ళు, అమ్మతో అన్నమాట, మంట, సూర్యారావు గారితో ఆడిన అబద్ధం. ఆవిడ అరుస్తారనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా కళ్ళద్దాలు తీశారు.

"నేను పెళ్ళికి వెళ్ళలేదు పద్మా. కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. చూపులో నడిమి భాగం పోయింది. పక్కలే మిగిలాయి. నీ ముఖం నాకు కనపడదు, నీ చెవులు కనపడతాయి. ఏడాదిగా నేను ఒక్క స్లైడు కూడా చూడలేదు. చెబితే అందరూ సీసాలు తేవడం మానేస్తారని భయపడ్డాను. తిరిగొచ్చిన రోజే నీతో చెప్పి ఉంటే, అప్పుడే ఇద్దరం కలిసి చూసేవాళ్ళం." ఆవిడ బల్ల అంచు తడిమి పట్టుకున్నారు. "లే. స్లైడు పెట్టు. నీకేం కనపడితే అది చెప్పు. పేరు వద్దు."

స్లైడు పెట్టాను. ఈసారి స్కేలు పెట్టి కొలిచాను. ఒక మిల్లీమీటరుకు దగ్గరగా ఉంది. "జ్వరం తెచ్చేది అందులో నాలుగో వంతు ఉంటే గొప్ప," అన్నారు మేడమ్. "ఇంకా?"

"పొడుగ్గా ఉందండీ. ఎరుపు, మట్టి రంగు. ఆరు కాళ్ళు. ముందు రెండు మీసాలు, పైకెత్తి ఉన్నాయి."

"మీసాలున్నాయా?"

"ఉన్నాయండీ. రెండు."

"నల్లి ఏ జాతిది?"

"సాలీడు జాతండీ."

"సాలీడుకు మీసాలుంటాయా?"

పదిహేనేళ్ళు చదివిన చదువు, మొదటి పాఠంలోనే ఉన్న మాట. మీసాలు లేవు. నేను మీసాలనుకున్నవి కాళ్ళు. ఆ నల్లి ముందు కాళ్ళు రెండూ పైకెత్తి, వాటితో గాలిని తడుముకుంటూ నడుస్తుంది. ఆరు కాదు, ఎనిమిది. జ్వరం తెచ్చేది పసి నల్లి, దానికి ఆరే కాళ్ళు. అది గడ్డిలో, పొదల్లో ఉంటుంది. ఈగల పిల్లల్ని పీల్చి బతికే ఈ నల్లి మనిషి జోలికే రాదు.

నేను ఏడుస్తున్నాను. మేడమ్ ఏడవనివ్వలేదు. "మీ అమ్మ ఈ మధ్య ఎక్కడ కూర్చుని అన్నం తింటోంది?"

"కాలవ గట్టు మీదండీ. గడ్డిలో." ఆ మాట నా నోటినుంచి వస్తుంటేనే దాని అర్థం నాకు తెలిసింది. శుభ్రమైన నేల మీదనుంచి లేపి అమ్మను ఆ గడ్డిలోకి పంపింది నేనే.

"ఆవిడ ఒళ్ళంతా చూశావా?"

"లేదండీ."

"పద."

ఆటోలో మా ఊరు వెళ్ళాం. దారంతా ఆవిడ నా మణికట్టు పట్టుకునే ఉన్నారు, నన్ను పట్టుకోవడానికో తను పడిపోకుండానో తెలియదు. అమ్మ కళ్ళు సగం మూసుకుని ఏదో గొణుగుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. మేడమ్ మంచం తలవైపు కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "నేను చూడలేను. నువ్వే చూడాలి. స్లైడు చూసినట్టే చూడు. తొందరపడకు. పైకి చెబుతూ చూడు."

తలుపు వేసి మొదలుపెట్టాను. "చెవుల వెనక, ఏమీ లేదండీ. మెడ, లేదు. కుడి చంక, లేదు. ఎడమ చంక, లేదు. రొమ్ముల కింద, లేదు." అమ్మ ఒంటిని నేను అంతకుముందెప్పుడూ అలా చూడలేదు. భుజం మీద గంపలు మోసి కాచిన కాయ, మోచేతుల దగ్గర మామిడి జీడి సొన కాల్చిన పాత మచ్చలు. ఒక్కోదాని దగ్గరా ఆగి, ఇది పాతది, ఇది పాతది అని చెబుతున్నాను. లంగా బొందు వదులు చేశాను. నడుముకు ఎడమవైపు, బొందు ఒరుసుకునే చోట, బీడీతో కాల్చినట్టు చిన్న నల్లటి పొక్కు. చుట్టూ ఎర్రగా ఉంది.

"ఉందండీ," అన్నాను.

"ఎలా ఉందో చెప్పు."

చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "పేరు మనం పెట్టొద్దు. డాక్టరుకు చూపించి, గడ్డిలో కూర్చుందని చెప్పు. పేరు ఆయన చెబుతాడు."

డాక్టరు పొక్కు చూడగానే, గడ్డిలో నల్లి కుట్టి వచ్చిన జ్వరమేనని చెప్పి, ఆసుపత్రిలో చేర్చుకుని మందు మార్చాడు. ఆ తర్వాతి రెండు రోజులూ నాకు వరసగా గుర్తులేవు. అమ్మ ఊపిరి లెక్కపెట్టడం, నర్సు నడిచే చెప్పుల చప్పుడు, నేను ఎవరితోనూ చెప్పలేని ఒక్క సంగతి. అమ్మ పోతే, ఆ గట్టు మీదికి పంపింది నేను. మూడో రోజు పొద్దున అమ్మ కళ్ళు తెరిచి, "ఏంటే అట్టా ఉన్నావు, ఏమన్నా తిన్నావా?" అంది. నేను బయటికి వెళ్ళి ఆసుపత్రి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అమ్మ ఇంటికొచ్చిన వారం మేడమ్ నన్ను సూర్యారావు గారింటికి తీసుకెళ్ళారు. మైలవరం అవతల వాళ్ళ ఊరు. బస్సు దిగి నడుస్తుంటే, ఆవిడే ఏదో సర్దిచెబుతారని, నా పేరు మాట్లాడకుండానే గడిచిపోతుందని మనసులో ఒక ఆశ. వాకిట్లో నులక మంచం వాల్చి కూర్చోమన్నాడాయన. మేడమ్ కూర్చోలేదు.

"నాకు చూపు పోయిందండీ సూర్యారావు గారూ. ఆ మాట దాచాను. అందుకే మీకు నిజం చెప్పడం ఆలస్యమైంది," అన్నారు. అంతే. తర్వాత అలాగే నిలబడ్డారు. నా వైపు తిరగలేదు. నాకోసం ఆగుతున్నారని తెలుస్తూనే ఉంది.

చెప్పాను. చూశాననీ, తప్పు చూశాననీ, ఆ రోజు మంట దగ్గర అబద్ధమాడాననీ. ఆయన తల దించుకుని విన్నాడు. నేలమీద పుల్లతో ఏవో గీతలు గీశాడు. ఊరంతా నన్నే తిట్టినా బాగుండేది అనిపించింది.

"ఆరు కాళ్ళో ఎనిమిది కాళ్ళో నాకేం తెలుసమ్మా," అన్నాడు చివరికి. "నా ఈగలు ఎందుకు చచ్చిపోతున్నాయో అడగడానికి వచ్చాను నేను. దానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు."

మేడమ్ తల వంచుకున్నారు. నాకు ఆ క్షణం దాకా తట్టనే లేదు. జ్వరం, నల్లి, కాళ్ళు, వీటన్నిటిలో ఆ మనిషి అడిగిన ప్రశ్నే మరిచిపోయాం. పెరట్లో ఒక్క పెట్టె మిగిలిందన్నాడు, ఆ రోజు మరమ్మతుకని ఇంటికి తెచ్చినది. అందులోనూ ఈగలు పాకుతున్నాయి. ఆయన మూత తీస్తే నేను ముఖానికి చున్నీ చుట్టుకుని వంగి చూశాను. చేతి మీద రెండు కుట్టాయి. తేనెపట్టు మీద ఆ నల్లులు చకచకా పరుగెడుతున్నాయి. ఈసారి పైకి చెప్పాను, ఎనిమిది కాళ్ళు, ముందువి రెండు పైకెత్తి. ఈగల పిల్లలు లేకపోతే ఈ నల్లి నాలుగు రోజులు కూడా బతకదని మేడమ్ వివరించారు. రాణీగను కొన్నాళ్ళు విడిగా బంధించి గుడ్లు పెట్టకుండా ఆపమన్నారు. పెట్టిన గుడ్లు, పిల్లలు ఉన్న పట్టును తీసెయ్యమన్నారు. ఆయన అలాగే చేశాడు. ఆ పెట్టె బతికింది. కాలిపోయినవి కాలిపోయినట్టే. మరుసటి ఏడు ఆయన మా తోటకు రాలేదు. ఇంకెప్పుడూ రాలేదు.

మరో పని మిగిలింది. కూలీలు అన్నాలు తినే వేళకు తోటలోకి వెళ్ళి నిలబడ్డాను. గట్టు మీద గడ్డిలో కూర్చోవద్దనీ, నల్లటి పొక్కు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించమనీ, తేనెపెట్టెలది తప్పు కాదనీ చెప్పాను. ఎవరూ అన్నం కలపడం ఆపలేదు. ఒకావిడ మాత్రం తలెత్తింది.

"అప్పుడట్టా చెప్పావు, ఇప్పుడిట్టా చెబుతున్నావు. రేపేం చెబుతావు?"

"తెలియదు పిన్నీ," అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నోట రావడం నాకే వింతగా తోచింది. ఆవిడ విస్తరి ఎత్తుకుని, వెనకటి మూలలోని శుభ్రమైన నేలమీదికి వచ్చి కూర్చుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు.

మేడమ్ ఆ తర్వాత ఐదేళ్ళు బతికారు. చూపు పక్కలనుంచీ తగ్గుతూ వచ్చింది. సీసాలు వస్తూనే ఉన్నాయి. తెచ్చినవాళ్ళకు గుమ్మంలోనే చెప్పేవారు, చూసేది నేను కాదు, పద్మ, అని. నేను చూసి చెప్పేదాన్ని, ఆవిడ వినేవారు. నా గొంతులో తొందర వినిపిస్తే "ఆగు" అనేవారు. ఒకసారి అడిగాను, ఇన్నేళ్ళయినా ప్రతి స్లైడు ముందూ నాకు చేతులు వణుకుతున్నాయండీ, ఇది పోదా అని. "పోనివ్వకు," అన్నారు. "నాకు ఎప్పుడూ ఉండేది. అది ఉన్నన్నాళ్ళూ రెండోసారి చూస్తావు." ధైర్యం చెబుతారనుకున్నాను. ఆవిడ అలాంటి మాటలు చెప్పే మనిషి కాదు.

ఇప్పుడు నా పేరుతో రిపోర్టులు వెళ్తాయి. పేరు రాయాల్సిన గడి చివర్లో పూరిస్తాను. కొన్నిసార్లు ఖాళీగానే వదిలి పంపుతాను. ఖాళీ చూసి విసుక్కుంటూ ఫోన్ చేస్తారు, ఇంతకీ అదేంటో చెప్పరేంటండీ అని. చెబుతానండీ, ముందు మీరు చెప్పండి, అంటాను. ఏం చూసి భయపడి పంపారు, ఏం తెలుసుకోవాలని పంపారు. వాళ్ళు చెప్పేదాకా వింటాను. ఆ తర్వాత, దానికీ నల్లికీ సంబంధం లేదని వాళ్ళు అనుకుంటారని తెలిసినా, ఇంకో ప్రశ్న అడక్కుండా ఫోన్ పెట్టలేను. మీ తోటలో పనిచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని అన్నం తింటున్నారండీ?